కట్ట, గండి, గుట్ట: మూసీ పరీవాహకంలో దేవతాస్థానాలు – జలవిపత్తుల జ్ఞాపకం

ప్రస్తావన

తెలంగాణ పల్లెలో ఏ దేవత ఎక్కడ ఉంటుందని అడిగితే వచ్చే సమాధానం నిర్దిష్టంగా ఉంటుంది. బొడ్రాయి ఊరి నడుమ ఉంటుంది. పోచమ్మ ఊరి అంచున వేపచెట్టు కింద ఉంటుంది. మైసమ్మ చెరువు కట్టమీదనో, తూము దగ్గరనో, కోట గోడ పక్కనో ఉంటుంది. స్థానాన్ని బట్టే పేరు కూడా ఏర్పడుతుంది: కట్ట మైసమ్మ, కోట మైసమ్మ, గండి మైసమ్మ. ఆగమశాస్త్రం చెప్పే ఆలయస్థాన నిర్ణయాన్ని గురించి తెలుగులో విస్తృతమైన చర్చ ఉంది. గ్రామదేవతల కథలను, కొలుపులను, పాటలను జానపద విజ్ఞానం శ్రద్ధగా సేకరించింది. అయితే ఈ దేవతలు నిలిచిన చోటునే ఒక చారిత్రక ఆధారంగా చదివే ప్రయత్నం తక్కువగా జరిగింది.

ఒక దేవతాస్థానం అక్కడే ఎందుకు వెలసింది, లేదా అక్కడే ఎందుకు ప్రసిద్ధి పొందింది అనే ప్రశ్నకు సమాధానం కొన్ని సందర్భాల్లో వరద చరిత్రలో దొరుకుతుంది. మరికొన్ని సందర్భాల్లో అలా దొరికినట్టు కనిపించినా అది తరువాత అల్లిన కథ కావచ్చు. ఈ రెండింటినీ వేరుచేయడం ఈ వ్యాసం లక్ష్యం. పరిశీలనకు ప్రధాన క్షేత్రం మూసీ పరీవాహకం, అందులోనూ హైదరాబాదు నగరం: పాతబస్తీలోని లాల్‌దర్వాజ నుంచి హుస్సేన్‌సాగర్ కట్ట మీదుగా బంజారా హిల్స్, జూబ్లీ హిల్స్ గుట్టల వరకు. పోలిక కోసం గోదావరి, పెన్నా తీరాల ఉదాహరణలు, జపాన్ దేశపు ఒక ఉదాహరణ స్వీకరించడం జరిగింది.

పరిశీలన పద్ధతి

దేవతాస్థానానికీ విపత్తుకూ సంబంధం ఉందని చెప్పాలంటే మూడు ప్రశ్నలకు సమాధానం కావాలి. మొదటిది కాలం: ఆ స్థానం విపత్తుకు ముందుదా, తరువాతిదా? రెండవది నేల: నీరు వచ్చిన మేరకూ ఆ స్థానానికీ భౌగోళికంగా ఉన్న పొందిక ఏమిటి? మూడవది మాట: స్థలనామం, దేవత పేరు, ఐతిహ్యం, ఉత్సవక్రమం ఆ విపత్తును ఏ రూపంలో నిలుపుకొన్నాయి?

ఈ మూడూ ఒకే దిశను చూపినప్పుడు సంబంధం బలమైనదని భావించవచ్చు. ఒక్క ఐతిహ్యం మాత్రమే ఉండి కాలమూ నేలా పొసగనప్పుడు ఆ కథను విపత్తు గురించిన సాక్ష్యంగా తీసుకోరాదు. దానిని జ్ఞాపకం ఎలా పనిచేస్తుందో చూపే సాక్ష్యంగా తీసుకోవాలి. చార్మినార్ ఇందుకు తెలిసిన ఉదాహరణ. మహమ్మారి తొలగిపోయినందుకు కృతజ్ఞతగా దానిని కట్టారన్న కథ జనంలో బాగా పాతుకొంది. కాని నిర్మాణకాలమైన 1591 హిజ్రీ వేయవ సంవత్సరారంభంతో కలవడం, కొత్త నగరానికి అది కేంద్రబిందువు కావడం, దాని ఆకృతిలో తాజియా పోలిక ఉండడం వంటి ఇతర వివరణలు కూడా అంతే బలంగా ఉన్నాయి. ఒక్క కథను పట్టుకొని కట్టడం స్థానాన్ని వివరించడం అక్కడ సాధ్యం కాదు.

జపాన్ ఉదాహరణ ఈ పద్ధతికి దారి చూపుతుంది. 2011 మార్చి 11 నాటి సునామీ తరువాత మియాగీ తీరంలోని షింతో దేవాలయాల స్థానాలను అక్కడి పరిశోధకులు నీరు వచ్చిన మేరతో పోల్చి చూశారు. ప్రకృతి ఉపద్రవాలతో సంబంధం ఉన్న సుసనొవొ దేవుడి ఆలయాల్లో ఎక్కువ భాగం ముంపుకు గురికాకుండా నిలిచాయని వారు గమనించారు. సెందాయ్ నగరంలోని నమివకె ఆలయం పేరుకు ‘అల చీలిన చోటు’ అన్న అర్థం ఉంది. పాత సునామీలో నీరు అక్కడి దాకా వచ్చి చీలిపోయిందని స్థానిక ఐతిహ్యం. 2011లో సముద్రం ఆ గుడిని చేరకుండానే ఆగింది. కాలం, నేల, మాట మూడూ కలిసిన ఉదాహరణ ఇది. తెలుగు నేల మీద ఇటువంటి పొందిక ఎక్కడ ఉంది, ఎక్కడ లేదు అన్నది ఇకపై పరిశీలించవలసిన విషయం.

కట్టమీది దేవత: విపత్తుకు ముందు

దక్కను పీఠభూమిలో వరద ప్రధానంగా చెరువు మీదుగా వస్తుంది. నది పొంగడానికి ముందు కట్టలు తెగుతాయి. ఒక చెరువు తెగితే దాని నీరు కింది చెరువును తెంచుతుంది. గొలుసుకట్టు చెరువుల వ్యవస్థలో ఉన్న బలమూ బలహీనతా ఇదే. అందువల్ల ఊరి భద్రత కట్ట భద్రత మీద ఆధారపడింది. తూము, మత్తడి, కట్ట నడుమ ఎత్తైన భాగం అనే మూడూ ప్రమాదస్థానాలు. మైసమ్మ రాయి సాధారణంగా ఈ మూడింటిలో ఒకదాని దగ్గర కనిపిస్తుంది. చెరువు నిండినప్పుడు ఊరివారు కట్టమీదికి వెళ్లి ఆమెకు బోనం సమర్పించడం, మేకనో కోడినో కోయడం ఆచారం. నీరు నిండుగా ఉన్న రోజున, ప్రమాదం అత్యధికంగా ఉన్న చోటికి ఊరంతా నడిచి వెళ్లడం ఈ కొలుపు ఫలితం. కట్టను చూసుకునే బాధ్యత నీరటికాడిది. ఏడాదికొకసారి ఆ కట్టను ఊరంతటి కళ్లముందుకు తెచ్చే బాధ్యత మైసమ్మది.

కట్ట, దేవత అనే ఈ జంట గ్రామస్థాయికి పరిమితమైనది కాదు. కడప ప్రాంతంలోని పోరుమామిళ్ల చెరువును విజయనగర రాజు మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కరుడు 1369లో నిర్మింపజేశాడు. ఆ నిర్మాణాన్ని వివరించే సంస్కృత శాసనం రెండు రాతిపలకల మీద భైరవాలయం ముందు నిలిచింది. రెండేళ్లపాటు నిత్యం వేయిమంది కూలీలు, వంద బండ్లు పనిచేసినట్టు ఆ శాసనం చెబుతుంది. మంచి చెరువుకు ఉండవలసిన పన్నెండు అంగాలను, ఆరు దోషాలను అది లెక్కిస్తుంది. కట్ట నుంచి నీరు ఊరడం ఆ దోషాలలో ఒకటి. చెరువు నిర్మాణశాస్త్రాన్ని బోధించే శాసనం గుడి ముందు ఉండడం యాదృచ్ఛికంగా కనిపించదు. కట్ట సంరక్షణకు సంబంధించిన జ్ఞానాన్ని తరతరాలకు అందించగల స్థిరమైన చోటు ఆనాటి సమాజానికి గుడే.

కట్ట తెగే భయం సాహిత్యంలోకి వచ్చిన తీరుకు అనంతపురం సమీపంలోని బుక్కరాయసముద్రం సాక్ష్యం. చెరువుకు గండి పడినప్పుడు బసిరెడ్డి కోడలు ముసలమ్మ తనను తాను ఆ గండికి అర్పించుకొన్నదని అక్కడి కథ. ఆ ప్రాంతపు స్థానిక చరిత్రలో నిలిచిన ఈ కథను తీసుకొని కట్టమంచి రామలింగారెడ్డి 1899లో ‘ముసలమ్మ మరణము’ రచించాడు. ఆధునిక తెలుగు కావ్యచరిత్రలో ఆ కృతి స్థానాన్ని గురించి విమర్శకులు విస్తారంగా చర్చించారు. ఈ వ్యాసానికి కావలసిన అంశం వేరు. కథలో ముసలమ్మ మరణించిన చోటు గండి పడిన చోటే. కట్ట ఆమె పేరుతో ముసలమ్మ కట్టగా పిలవబడుతున్నది. అంటే ఆ చెరువుకు అత్యంత బలహీనమైన బిందువు ఏదో ఊరి జ్ఞాపకంలో ఒక స్త్రీ పేరుతో గుర్తుపెట్టబడింది. కావ్యం త్యాగాన్ని కీర్తించింది. స్థలం గండిని గుర్తుంచుకొంది. ఆ గండిని పూడ్చే మూల్యాన్ని ఒక కోడలి చేత చెల్లింపజేసిన సమాజవ్యవస్థ కూడా ఆ కథలో దాగే ఉంది. దానిని విస్మరించి కథను స్థలసాక్ష్యంగా మాత్రమే చదివితే పఠనం అసంపూర్ణమవుతుంది.

ఇక్కడ ‘గండి’ అన్న మాట ప్రత్యేకంగా పరిశీలించదగింది. తెలుగులో దీనికి రెండు ప్రధానార్థాలు ఉన్నాయి. కట్ట తెగిన చోటు ఒకటి. కొండల నడుమ ఉండే ఇరుకైన దారి, లేదా ఏరు కొండను కోసుకొని వెళ్లే సందు మరొకటి. హైదరాబాదు ఉత్తరాన దుండిగల్ వద్ద ఉన్న గండి మైసమ్మ పేరులోను, మూసీ మీద ఉస్మాన్‌సాగర్ కట్టిన గండిపేట పేరులోను ఉన్న ‘గండి’ ఏ అర్థంలోనిదో మాట ఒక్కటే తేల్చలేదు. గండిపేట విషయంలో నది సందు అన్న అర్థానికి అవకాశం ఉంది, ఆనకట్టకు అనువైన చోటు అటువంటి సందే. గండి మైసమ్మ విషయంలో మైసమ్మకు కట్టతో ఉన్న సంబంధం మొదటి అర్థాన్ని సూచిస్తుంది. స్థలనామాన్ని నేల పరిశీలనతో కలిపి చదవకపోతే ఇటువంటి చోట పొరపాటు జరిగే ప్రమాదం ఉంది.

1908: మూసీ, ఆ తరువాత

1908 సెప్టెంబరు 28న హైదరాబాదును ముంచిన మూసీ వరద ఈ చర్చకు కేంద్రం. కీలక నామ సంవత్సరం ఆశ్వయుజ మాసం అప్పుడే మొదలైంది. బతుకమ్మ మొదలై మూడు నాలుగు రోజులైంది. రంజాన్ నెల కూడా అప్పుడే ప్రవేశించింది. నగరంలోని రెండు ప్రధాన సమాజాలూ పండుగ దినాలలో ఉన్నాయి. సాధారణంగా చెప్పే లెక్క ప్రకారం దాదాపు 15,000 మంది మరణించారు. అఫ్జల్ వంతెన, ముసల్లం జంగ్ వంతెన, చాదర్‌ఘాట్ వంతెన కొట్టుకుపోయాయి. 1578లో కట్టిన పురానాపూల్ నిలిచింది.

ఈ వరదను కేవలం నది పొంగుగా చూడడం సరికాదు. నిజాం ప్రభుత్వం ఆహ్వానంపై 1909లో వచ్చిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య నగరానికి ఎగువన ఉన్న పరీవాహకాన్ని పరిశీలించి, అందులో 788 చెరువులు ఉన్నాయని, వాటిలో 221 తెగిపోయాయని నమోదు చేశాడు. అంటే నగరాన్ని చేరిన నీటిలో వాననీరుతోపాటు వందల కట్టలు వదిలేసిన నీరూ ఉంది. మూసీ, ఈసీ నదుల మీద జలాశయాలు కట్టాలన్న ఆయన సూచన మేరకు 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. చెరువుకట్టకు మైసమ్మ ఉండడం సర్వసాధారణమైన ప్రాంతంలో 221 కట్టలు ఒక్క వానలో తెగడం విశ్వాసానికి ఎదురైన పెద్ద ప్రశ్న. దీనికి నగరం ఇచ్చిన సమాధానం రెండు రూపాలలో కనిపిస్తుంది. ఒకటి విశ్వేశ్వరయ్య నివేదిక. రెండవది లాల్‌దర్వాజ ఐతిహ్యం.

లాల్‌దర్వాజ సింహవాహిని మహాకాళి ఆలయ సంప్రదాయం ప్రకారం, వరద తగ్గనప్పుడు దివాన్ మహారాజా కిషన్ పర్షాద్ సలహాపై ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ బంగారు చేటలో పట్టుచీర, పసుపు కుంకుమలు, ముత్యాలు ఉంచి అమ్మవారికి, మూసీ నదికి సమర్పించాడు. వరద తగ్గింది. ఈ కథ రెండు విధాలుగా వినిపిస్తుంది. ఒకదానిలో సమర్పణ గుడిలో జరుగుతుంది. మరొకదానిలో నది ఒడ్డున జరుగుతుంది. పాతబస్తీ బోనాల ప్రసిద్ధిని ఈ సంఘటనతో ముడిపెట్టి చెప్పుకోవడం ఆనవాయితీ.

ముందు చెప్పిన మూడు ప్రశ్నలను ఈ ఐతిహ్యానికి వర్తింపజేస్తే కొన్ని విషయాలు స్పష్టమవుతాయి. నేల విషయంలో, లాల్‌దర్వాజ నది ఒడ్డున లేదు, నదికి దక్షిణంగా, చార్మినార్‌కు అవతల ఉంది. ఆ గుడి నీటి హద్దును గుర్తించే స్థానం కాదు. కాలం విషయంలో, వరద ఆశ్వయుజంలో వచ్చింది. బోనాలు జరిగేది ఆషాఢంలో. వరద తిథి నుంచి పండుగ పుట్టి ఉంటే అది ఆశ్వయుజంలో స్థిరపడవలసింది. కాబట్టి వానకాలం ఆరంభంలో, చెరువులు నిండకముందే దేవతను శాంతింపజేసే పాత ఆషాఢ కొలుపుకు 1908 జ్ఞాపకం వచ్చి చేరిందని భావించడం సమంజసం. మాట విషయంలో మాత్రం ఐతిహ్యం చాలా బలమైనది. చేట, చీర, పసుపు కుంకుమ పుట్టింటివారు ఆడపడుచుకు పెట్టే సారె. మూసీని ఆడపడుచుగా సంబోధించి, ముస్లిం పాలకుడిని ఆమెకు సారె పెట్టే అన్న స్థానంలో నిలిపింది ఆ కథ. విపత్తు తరువాత నగరం తనను తాను మళ్లీ ఒక కుటుంబంగా ఊహించుకొన్న తీరు అందులో ఉంది.

లాల్‌దర్వాజ గుడిని నదితో కలిపే బిందువు ఉత్సవమార్గంలో దొరుకుతుంది. పాతబస్తీ బోనాల చివరి రోజున హరిబౌలిలోని అక్కన్న మాదన్న మహాకాళి ఆలయం నుంచి ఘటం ఏనుగు మీద ఊరేగి నయాపూల్ వద్దకు చేరుతుంది. ఘటాన్ని అక్కడ మూసీలో నిమజ్జనం చేస్తారు. నయాపూల్ అంటే 1908లో కొట్టుకుపోయిన అఫ్జల్ వంతెన ఉన్న స్థలం. గుడి స్థానం వరదను గుర్తుచేయకపోయినా, ఊరేగింపు గమ్యం వరద అత్యంత తీవ్రంగా దెబ్బతీసిన చోటే. పుణ్యస్థలాల అధ్యయనంలో స్థిరమైన గర్భగుడిని మాత్రమే లెక్కించి, దేవత ఏటా నడిచే దారిని వదిలేయకూడదని ఈ ఉదాహరణ తెలుపుతుంది.

సికింద్రాబాదు ఉజ్జయినీ మహాకాళి ఆలయం దీనికి మరొక జంట. సైనిక దళంలో డోలీ మోసే సురిటి అప్పయ్య 1813లో ఉజ్జయినిలో ఉండగా, ఇక్కడ గత్తర వ్యాపించిందని విని మొక్కుకొన్నాడని, తిరిగివచ్చి 1815లో అమ్మవారి కొయ్యవిగ్రహాన్ని ప్రతిష్ఠించాడని ఐతిహ్యం. ఇక్కడ విపత్తు నీరు కాదు, వ్యాధి. కాని గత్తర కలుషిత జలం ద్వారా వ్యాపించేదే. కంటోన్మెంటు పక్కన, బజారు నడుమ ఆ గుడి వెలయడం దేశమంతటా కదులుతుండిన సైన్యంతో వ్యాధీ దేవతా రెండూ ప్రయాణించిన కాలాన్ని చూపుతుంది.

గుడి కాని పుణ్యస్థలం

1908లో ప్రాణాలను కాపాడిన చోటు ఏది అన్న ప్రశ్న వేస్తే ఆశ్చర్యకరమైన సమాధానం వస్తుంది. ఎత్తుగా ఉందని పేట్ల బురుజు మీదికి ఎక్కిన జనం ఆ బురుజు కూలడంతో నీటిపాలయ్యారు. అఫ్జల్ పార్కులోని చింతచెట్టు ఎక్కిన నూటయాభై మందికి పైగా బతికారు. ఆ చెట్టు నేటికీ ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉంది. వరద వార్షికదినాన దాని కింద నగర చరిత్రాభిమానులు సమావేశమవుతుంటారు. వరదలో తల్లిని, భార్యను, కుమార్తెను పోగొట్టుకొని తాను మాత్రం బతికిన ఉర్దూ కవి అమ్జద్ హైదరాబాదీ ఆ విషాదాన్ని కవిత్వంగా మలిచాడు.

వేపకు, రావికి, జమ్మికి పూజ జరిగే నేల మీద ఇంతమందిని కాపాడిన చింతచెట్టుకు గుడి వెలయలేదు. చింతచెట్టు జనవిశ్వాసంలో దయ్యాలకు ఆటపట్టు కావడం ఒక కారణం కావచ్చు. ఆసుపత్రి ఆవరణలో చేరడం వల్ల దానికి ప్రభుత్వ స్వభావం రావడం మరొక కారణం కావచ్చు. ఏమైనా, విపత్తులో నిజంగా రక్షించిన స్థలమూ, రక్షించినట్టు సమాజం గుర్తుంచుకొన్న స్థలమూ వేరువేరు కావచ్చునని ఇది నిరూపిస్తుంది. జ్ఞాపకానికి ఒక స్థలం కావాలి. ఆ స్థలాన్ని ఎన్నుకొనేది నీరు కాదు, సమాజం.

నదీతీరం: నిలిచినవి, మునిగినవి

మూసీ తీరపు నిర్ధారణలను ఇతర నదులతో పోల్చడం అవసరం. గోదావరి తీరంలో భద్రాచలం ఆలయం గుట్టమీద ఉంది. 1986 ఆగస్టు 16న గోదావరి అక్కడ 75.6 అడుగులకు, 2022 జులై 16న 71.3 అడుగులకు చేరింది. మూడో ప్రమాద హెచ్చరిక స్థాయి 53 అడుగులు. ఈ రెండు వరదల్లోనూ పట్టణంలోని పల్లపు వీధులు, పరిసర గ్రామాలు మునిగాయి. గుట్టమీది గర్భాలయం నీటికి అందలేదు. అదే నదికి ఎగువన ఉన్న పర్ణశాలలో సీతమ్మ నారచీరలు ఆరేసుకొన్నదని చెప్పే వాగు పరిసరాలు వరద వచ్చిన ప్రతిసారీ మునుగుతాయి. ఒకే రామకథకు చెందిన రెండు స్థలాలలో ఒకటి వరదకు అతీతంగా, మరొకటి వరదలోనే ఉన్నాయి. మొదటిది నిత్యపూజకు ఉద్దేశించిన ఆలయం. రెండవది కథాస్థలం, నీటి అంచున ఉండడం ఆ కథకే అవసరం. స్థాననిర్ణయంలో క్షేత్రపు స్వభావం నిర్వహించే పాత్రను ఈ జంట తెలుపుతుంది.

పెన్నా తీరంలో పరిస్థితి వేరు. నెల్లూరు జిల్లా చేజెర్ల మండలం పెరుమాళ్లపాడు వద్ద నది ఇసుకలో పూడిపోయిన నాగేశ్వరాలయం 2020 జూన్‌లో తవ్వకాలలో బయటపడింది. 19వ శతాబ్ది నడుమ వచ్చిన వరదలతో, నది దారి మారడంతో అది పూడిపోయినట్టు పురావస్తు అధికారులు అభిప్రాయపడ్డారు. గుడి కనుమరుగైనా ఇసుక కింద గుడి ఉందన్న మాట ఊరి పెద్దల నోట నిలిచింది, తవ్వకానికి ప్రేరణ అదే. నది పాత దారిని గుర్తించే రాతి ఆనవాలుగా ఆ గుడి నేడు ఉపయోగపడుతుంది.

పుణ్యస్థలమే ప్రమాదస్థలమైన విషాదం కూడా ఇటీవలిదే. 2021 నవంబరు 19న, కార్తిక పౌర్ణమి నాడు, కడప జిల్లాలో చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది. పులపత్తూరులో శివాలయానికి దీపాలు వెలిగించడానికి వచ్చిన భక్తులు కొందరు ఆ నీటిలో కొట్టుకుపోయారు. కార్తికస్నానం ఏటి ఒడ్డుకు జనాన్ని రప్పిస్తుంది. ఈశాన్య రుతుపవనం అదే మాసంలో ఏళ్లను నింపుతుంది. పూర్వం ఏరు పొంగే వేగం ఊరికి తెలుసు. ఎగువన ఆనకట్ట నిలిచిన తరువాత ఆ తెలివిడి చాలదు. పాత పుణ్యస్థలం పాత నదికి అనుగుణంగా ఏర్పడింది. నది మారినప్పుడు స్థలంలోని రక్షణ కూడా మారిపోతుంది.

నీరు లేకపోవడమూ జలవిపత్తే. 1876–78 నాటి ధాతకరువులో ఒంగోలు ప్రాంతపు బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో వేలమంది క్షుద్బాధితులకు పని కల్పించాడు. 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెలంపల్లి వద్ద ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. మెదక్ చర్చిని చార్లెస్ వాకర్ పాస్నెట్ ఆధ్వర్యంలో కరువు బాధితులకు పని, తిండి కల్పిస్తూ నిర్మించి 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠించారు. ఈ స్థలాల ప్రాధాన్యానికి నేల ఎత్తుపల్లాలతో నిమిత్తం లేదు. ఆకలితో ఉన్న జనం ఎక్కడ గుమిగూడారన్నదే అక్కడ నిర్ణాయకం.

గుట్టమీది గుళ్లు: బంజారా హిల్స్ సాక్ష్యం

వరదకు ఎత్తైన చోటు ఆశ్రయం కాబట్టి గుట్టమీది ప్రతి గుడినీ వరద భయంతో ముడిపెట్టాలన్న ఊహ సహజంగా కలుగుతుంది. హైదరాబాదు పశ్చిమ గుట్టలు ఈ ఊహను సరిదిద్దుతాయి.

లంబాడాల పేరుతో ఏర్పడిన బంజారా హిల్స్ 20వ శతాబ్ది మూడో నాలుగో దశకాల వరకు రాళ్లగుట్టలే. నవాబ్ మెహదీ నవాజ్ జంగ్ అక్కడ ఇల్లు కట్టుకొన్న తరువాత ఉన్నతవర్గాల నివాసాలు విస్తరించాయి. 1908 వరద, తరువాతి ప్లేగు, 1912లో ఏర్పడిన నగరాభివృద్ధి సంస్థ పాతబస్తీ ఇరుకును గురించిన ఆందోళనను పెంచిన మాట నిజం. కాని మోటారువాహనాల రాక, గుట్టల చల్లగాలి, హోదా కూడా అంతే ముఖ్య కారణాలు. వరద ఒక్కటే నగరాన్ని గుట్ట ఎక్కించిందని చెప్పలేము. 1963లో ఏర్పడిన జూబ్లీ హిల్స్ సహకార గృహనిర్మాణ సంఘం, తరువాత చలనచిత్ర పరిశ్రమ తరలిరాకతో పెరిగిన ఫిల్మ్‌నగర్ ఈ విస్తరణకు కొనసాగింపు.

ఈ గుట్టలమీది పుణ్యస్థలాలను కాలక్రమంలో పరిశీలిస్తే మూడు పొరలు కనిపిస్తాయి. జూబ్లీ హిల్స్ పెద్దమ్మ తల్లి గ్రామదేవతా సంప్రదాయానికి చెందినది. 1990లలో పి. జనార్దనరెడ్డి చొరవతో ఆ గుడి నేటి విశాల రూపం పొందింది. నౌబత్ పహాడ్ మీద 1976లో ప్రతిష్ఠించిన బిర్లా మందిరం నగరమంతటికీ కనిపించాలన్న దృష్టితో ఎన్నుకొన్న స్థలం. బంజారా హిల్స్‌లో 2009లో వెలసిన జగన్నాథాలయం, పలువురు దేవతలను ఒకే ఆవరణలో నిలిపిన ఫిల్మ్‌నగర్ దైవసన్నిధానం వలసవచ్చిన సమాజాలకు, కొత్త పరిశ్రమకు చెందినవి. వీటిలో ఏ ఒక్కదాని ఐతిహ్యంలోనూ వరద లేదు. నగరానికి ఈశాన్యంగా గుట్టమీద ఉన్న మౌలాలీ దర్గా స్థానాన్ని కూడా కుతుబ్‌షాహీ కాలపు ఒక స్వప్నవృత్తాంతం నిర్ణయించింది. కార్వాన్‌లో 1671లో కట్టిన టోలీ మసీదు ఎత్తైన వేదిక మీద ఉండడాన్ని చూసి అది మూసీ భయమని చెప్పడం కూడా తొందరపాటే. అటువంటి వేదిక కుతుబ్‌షాహీ వాస్తుశైలిలో సాధారణం.

అయినా బంజారా హిల్స్ ఈ చర్చకు వెలుపల లేదు. ఆ గుట్టలమీద పడిన వాన బంజారా నాలా ద్వారా హుస్సేన్‌సాగర్‌ను చేరుతుంది. హుస్సేన్‌సాగర్ కట్ట 16వ శతాబ్దిలో ఇబ్రహీం కుతుబ్‌షా కాలంలో కట్టినది. ఆ కట్ట దిగువన కనకాల కట్ట మైసమ్మ ఆలయం ఉంది. గుట్టమీద ఎంత నేల సిమెంటుతో కప్పబడితే అంత వేగంగా నీరు మైసమ్మ కాపు కాస్తున్న కట్టకు చేరుతుంది. పెద్దమ్మ గుట్ట, మైసమ్మ కట్ట వేరువేరు భక్తబృందాల స్థలాలుగా కనిపించినా జలవిజ్ఞానం దృష్టిలో అవి ఒకే దారికి రెండు కొసలు.

చెరువు లేని మైసమ్మ

మూసీ పరీవాహకంలో నేడు కనిపించే కొత్త పరిణామం చెరువు పోయి దేవత మిగలడం. చెరువు శిఖం భూములు కాలనీలయ్యాయి. కట్టలు రోడ్లయ్యాయి. కట్టమీది మైసమ్మ రోడ్డుపక్క మైసమ్మ అయింది. బంజారా హిల్స్ అంచున ఉన్న మాసాబ్ ట్యాంక్, మా సాహెబా హయాత్ బక్షీ బేగం పేరుతో ఉన్న చెరువు. చెరువు పార్కుగా మారింది, పేరులో మాత్రం ట్యాంకు మిగిలింది. అటువంటి చోట్ల దేవత పేరు, స్థలనామం రెవెన్యూ పటాలకు తోడుగా నిలిచే సాక్ష్యాలు.

2020 అక్టోబరు వానలలో బాలాపూర్ గుర్రం చెరువు కట్ట తెగి దిగువ బస్తీలు మునిగాయి. 2025 సెప్టెంబరు చివరి వారంలో, మళ్లీ బతుకమ్మ రోజులలోనే, మూసీ పొంగి నది గర్భాన్ని ఆనుకొని ఉన్న మహాత్మాగాంధీ బస్‌స్టేషన్‌లోకి నీరు వచ్చింది. 1908కీ 2025కీ నడుమ నూటపదిహేడేళ్లు. నదికి ఎగువన రెండు జలాశయాలు ఉన్నాయి. అయినా నీరు తన పాత మేరను మరచిపోలేదని ఈ సంఘటన చెప్పింది.

ముగింపు

పై పరిశీలన నుంచి నాలుగు నిర్ధారణలు లభిస్తాయి. మొదటిది, తెలుగు నేల మీద జలవిపత్తుతో అత్యంత దగ్గర సంబంధం ఉన్న పుణ్యస్థలం పెద్ద ఆలయం కాదు, కట్టమీది గ్రామదేవత. ఆమె స్థానమే ప్రమాదస్థానం. రెండవది, లాల్‌దర్వాజ వంటి చోట్ల స్థలమూ తిథీ వరదతో పొసగవు. అక్కడ విపత్తు జ్ఞాపకం పాత కొలుపులో చేరి, ఉత్సవమార్గం ద్వారా నదిని చేరింది. మూడవది, గుట్టమీది గుడి వరద భయానికి దానంతటదే నిదర్శనం కాదు. భద్రాచలం ఫలితాన్ని చూసి ఉద్దేశాన్ని ఊహించరాదు. నాలుగవది, చింతచెట్టు చూపినట్టు, కాపాడిన స్థలం, పూజించే స్థలం ఒకటి కానవసరం లేదు.

ఈ నిర్ధారణలకు అకడమిక్ ప్రయోజనంతోపాటు మరొక ప్రయోజనం ఉంది. మూసీ పరీవాహకంలోని కట్ట మైసమ్మలు, గండి మైసమ్మలు, వాటి ఐతిహ్యాలు, ఉత్సవమార్గాలు, స్థలనామాలు ఊరూరా నమోదై, నేల ఎత్తుపల్లాలతో, పాత చెరువుల పటాలతో కలిపి చదివితే పోయిన చెరువుల హద్దులు, తెగిన కట్టల చోట్లు తిరిగి గుర్తించడానికి వీలవుతుంది. క్షేత్రపర్యటనలో కథను, పాటను సేకరించే తెలుగు పరిశోధకుడు దేవత ఏ దిక్కుకు ముఖం చేసి ఉంది, తూముకు ఎంత దూరంలో ఉంది, చెరువు నిండిన నాడు బోనం ఏ దారిన వెళ్తుంది అన్నవి కూడా రాసుకోవలసి ఉంది. ఆ వివరాలు చెప్పగల నీరటికాళ్ల తరం వేగంగా తగ్గిపోతున్నది. చెరువు పూడిన చోట మైసమ్మ రాయి ఒక్కటే నీరు తిరిగి వచ్చే దారిని చూపుతున్నది. ఆ రాయిని చదవగలిగే పద్ధతిని సమకూర్చుకోవడం తెలుగు పరిశోధన ముందున్న పని.